తాతయ్యగారి సిరాబుడ్డి

మొన్న సంక్రాంతి తర్వాత మా ఊరి ఇల్లు ఖాళీ చేశాం. అమ్మ పోయి రెండేళ్ళయింది. తాళం వేసిన ఇంట్లో ఎలకలు కాపురం పెట్టాయి, పెంకులు జారిపోతున్నాయి, ఎవరో ఒకరు కొంటామంటున్నారు, కనక అమ్మేద్దామని తమ్ముడు అన్నాడు. నేను హైదరాబాదు నుంచి వెళ్ళాను. చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది కాబట్టి ఫోన్లో వీడియో పెట్టుకుని, "ఆ మూల చూపించు, అటక మీద చూపించు" అంటూ పొద్దున్నించీ మాతోపాటే తిరిగింది. పాపం, అక్కడ దానికి రాత్రి.

అటక దింపితే వచ్చిన ఇత్తడి ఒకటా రెండా! గుండిగలు, బిందెలు, గంగాళం, మరచెంబులు, కూజాలు, పులుసు కాచుకునే గిన్నెలు, పెళ్ళిళ్ళకి వాడే పెద్ద పెద్ద తపేలాలు. మావైపు ఇళ్ళల్లో ఇత్తడి అంటే చాలావరకు తణుకు దగ్గర అజ్జరం నుంచి వచ్చిందే. ఊరు ఊరంతా ఇత్తడి పని చేసేవాళ్ళు. వీధరుగు మీద అవన్నీ పేర్చి చూస్తే గుళ్ళో సంతర్పణకి సామాను దింపినట్టుంది. ఈ రోజుల్లో ఎవరికి కావాలి? రెండు గదుల ఫ్లాటులో గంగాళం ఎక్కడ పెడతాం? తూకానికి ఇచ్చేద్దామన్నాడు తమ్ముడు. నా ప్రాణం ఒప్పలేదు కానీ, నోరెత్తి 'నేను పట్టుకెళ్తా' అనే ధైర్యమూ లేదు. చివరికి ఒక మరచెంబు, రెండు కంచు గిన్నెలు తీసుకున్నాను.

సాయంత్రం బయల్దేరుతుంటే తమ్ముడు లోపలికి వెళ్ళి ఒక చేతిరుమాల్లో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తాతయ్య సిరాబుడ్డి అక్కా. నీకు చిన్నప్పుడు అదంటే పిచ్చి కదా, నువ్వే ఉంచుకో" అన్నాడు. నాకు నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వెనకాలే ఒక ప్లాస్టిక్ కవరు కూడా ఇచ్చాడు. "హక్కు విడుదల కాగితం. నువ్వూ చెల్లీ సంతకాలు పెడితే నా పేరు మీద క్లియర్‌గా ఉంటుంది, అమ్మడం తేలిక. చదివేదేం లేదు, ఊరికే ఫార్మాట్." సరే అని రెండూ సంచీలో వేసుకున్నాను.

ఇప్పుడు ఆ సిరాబుడ్డి గురించి చెప్పాలి.

తాతయ్య కరణం. ఆయన తర్వాత మా నాన్నగారు కూడా పరీక్షలు ప్యాసయి అదే పని చేశారు, 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థ తీసేసేదాకా. ఊళ్ళో ఎవరి భూమి ఎంత, ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారు, ఎవరు ఎంత శిస్తు కట్టాలి, ఇవన్నీ కరణం దగ్గర ఉండే కట్టల్లోనే. అడంగలు, చిట్టా, ఎఫ్.ఎం.బి. అనే కొలతల పుస్తకం. ఆ కట్టలన్నీ ఎర్రగుడ్డలో మూటగట్టి ఉండేవి, వాటిని దఫ్తరం అనేవారు. పిల్లలం వాటి దరిదాపులకి వెళ్తే వీపు మోగేది.

తాతయ్య రాతబల్ల నేలమీద కూర్చుని రాసుకునే ఏటవాలు బల్ల. దాని కుడిపక్కన ఈ బుడ్డి. గుమ్మడికాయ ఆకారంలో, పొట్టిగా, గుండ్రంగా, పిడికిలంత ఉంటుంది. మూత పైకి రాదు, అతికేసి ఉంటుంది. మూత మధ్యలో కలం పట్టేంత కన్నం, ఆ కన్నానికి లోపలివైపు చిన్న గరాటు. అందువల్ల బుడ్డి పడిపోయినా సిరా ఒలకదు. పొట్ట చుట్టూ మూడు కొక్కేలు, వాటికి తాడు. పొలాల మీదికి అజమాయిషీకి వెళ్ళినప్పుడు, అంటే ఎవరు ఏ పంట వేశారో చూసి రాసుకోవడానికి, ఆ తాడుతో చేతికి తగిలించుకుని వెళ్ళేవారట. నేను చూసేనాటికి తాడు ఉంది కానీ తాతయ్య పొలాల మీదికి వెళ్ళడం లేదు. లోపల ఒక పాత గుడ్డపేలిక కుక్కి ఉండేది. అది సిరా పీల్చుకుని ఉంటే పాళీకి కావలసినంతే అంటుతుంది, చుక్కలు పడవు. బడిలో మాకిచ్చే సిరాబిళ్ళల నీళ్ళ సిరాకీ దీనికీ పోలికే లేదు. ఇది రాసిన కాసేపటికి ఇంకా నల్లబడేది.

ఎందుకంటే అది ఇంట్లో కాచిన సిరా. కరక్కాయలు చితక్కొట్టి, రాత్రంతా నానేసి, ఇనప మూకుడులో బాగా మరిగించి, వడగట్టి, అందులో అన్నభేది కలుపుతారు. కలిపిన క్షణాన్నే ఆ గోధుమరంగు కషాయం నల్లగా తిరుగుతుంది. చిన్నప్పుడు నాకది గారడీలాగ ఉండేది. కాగితానికి పట్టుకోవడానికి కాస్త తుమ్మజిగురు. గాలి తగిలేకొద్దీ నలుపు చిక్కబడుతుంది, నీళ్ళు పడ్డా పోదు. నాన్నగారు బ్రిల్ ఇంకు వాడేవారు కానీ తాతయ్య మాత్రం ఎవరికైనా దస్తావేజు రాస్తే ఈ సిరాతోనే రాసేవారు. "కాగితం చిరగాలి గానీ అక్షరం పోకూడదు" అనేవారు.

ఈ సిరా కాచేది ఎవరనుకున్నారు? మామ్మ. తాతయ్య కాదు. వంటింట్లో, అదే పొయ్యి మీద, అదే మూకుడులో. నేను రెండు మూడుసార్లు చూశాను. పక్కన పప్పు ఉడుకుతుంటే, ఇక్కడ సిరా. చేతులు నల్లగా అయిపోయేవి, చింతపండు పెట్టి తోముకునేది. అయినా గోళ్ళ చివర నల్లగా ఉండిపోయేది రెండు మూడు రోజులు.

ఇంకో సంగతి చెప్పి ముందుకి వెళ్తాను, ఇది తర్వాత పనికొస్తుంది. ఆ ఇంటినిండా అంత ఇత్తడి, కంచు ఉండి కూడా, మామ్మ విస్తట్లో నెయ్యి మాత్రం హార్లిక్స్ సీసాలోంచి వడ్డించేది. పండగైనా, తద్దినమైనా, అల్లుళ్ళు వచ్చినా అంతే. సీసాలో చిన్న ఉద్ధరిణె వేసి, ఒక్కొక్కళ్ళకీ వడ్డిస్తూ వచ్చేది. ఒకసారి మా పెద్దమావయ్యగారు "ఏం అత్తగారూ, నేతిగిన్నె కొనిపెట్టమంటారా" అని వేళాకోళం ఆడితే, మామ్మ నవ్వి "మా ఇంట్లో నేతిగిన్నె ఉంది బాబూ, పనిమీద వెళ్ళింది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే.

హైదరాబాదు వచ్చాక సిరాబుడ్డిని హాల్లో టీవీ పక్కన పెట్టాను. అమ్మాయి చూసి, ఫోన్లో వెతికి, "అమ్మా, ఇలాంటివి యాంటిక్ ఇంక్‌వెల్ అని అమ్ముతున్నారు, బోలెడు డబ్బు" అంది. వాటి బొమ్మలు చూపిస్తే నవ్వొచ్చింది. కొన్ని స్పష్టంగా కుంకుమభరిణలు. ఒకటైతే తాంబూలం పళ్ళెంలో పెట్టుకునే సున్నపుకాయ, మూతకి కన్నం పెట్టి సిరాబుడ్డి అని రాశారు. ఎవరు మోసం చేశారని అనను. పాతరోజుల్లో వస్తువుకి ఒకటే పని అని ఎవరూ అనుకోలేదు. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ. మరచెంబు మూత ఊడిపోతే అది విత్తనాల చెంబు.

మనది మాత్రం అసలైన సిరాబుడ్డే కదా అని నాకు కాస్త గర్వం. దానికి కళాయి వేయించి, లోపల శుభ్రం చేయించి, అద్దాల బీరువాలో పెడదామనుకున్నాను. మా చిన్నప్పుడు వీధిలోకి కళాయి వేసేవాళ్ళు వచ్చేవారు. గుంట తవ్వి బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊదుతూ, గిన్నె ఎర్రగా కాగాక నవాసాగరం చల్లితే తెల్లటి పొగ ఘాటుగా ముక్కులోకి వచ్చేది. ఆ వేడిమీద తగరపు కడ్డీ ఒక్కసారి తాకించి దూదితో తిప్పితే గిన్నె లోపల వెండిలా మెరిసిపోయేది. ఇప్పుడు మా కాలనీలో అలాంటి కేక వినపడి ఎన్నేళ్ళయిందో. మావారిని వెంటపెట్టుకుని బేగంబజారు వెళ్ళాను.

అక్కడ ఇత్తడి సామాను కొట్టాయన, పెద్దాయనే, డెబ్భై దాటి ఉంటాయి, దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వేలిగోరుతో అంచు మీద గీశాడు. "దవాత్ అన్నారు కదమ్మా. ఇది దవాత్‌లా పుట్టలేదు" అన్నాడు. దవాత్ అంటే సిరాబుడ్డి. నాకు కోపం వచ్చింది. మా తాతగారు నా కళ్ళముందు రాసేవారండీ అన్నాను. ఆయన నవ్వాడు. "రాసి ఉంటారు. కానీ ఇది గిన్నె. చూడండి, కింద ఈ పాదం. సిరాబుడ్డికి ఇంత మంచి పాదం ఎవరు తీస్తారు? పంక్తిలో పట్టుకు తిరగడానికి ఉండే గిన్నె ఇది. మూత విడిగా ఉండేది, ఈ గాడిలో కూచునేది. తర్వాత ఎవరో తగరంతో అతికారు. ఇత్తడి పచ్చన, అతుకు తెల్లన. కొక్కేలు కూడా తర్వాత పెట్టినవే, మూడూ ఒక వరసలో లేవు."

మావారు కళ్ళజోడు పైకెత్తి చూసి, "అవును, నిజమే" అన్నారు. మావారు ఎప్పుడూ పక్కవాళ్ళ మాటే అంటారు.

కళాయి సంగతి అడిగితే ఆయన వద్దన్నాడు. మూత అతికేసి ఉంది కాబట్టి లోపలికి దూది పోదు. మూత తీద్దామని కాల్చితే అతుకులు కరిగి కొక్కేలతో సహా ఊడిపోతాయి. లోపల ఒకప్పుడు కళాయి ఉండేది కానీ సిరా ఎప్పుడో తినేసింది. కరక్కాయ సిరాకి పులుపు గుణం కదా, ఉత్త ఇత్తడికి అస్సలు పడదు. టార్చిలైటు వేసి చూస్తే లోపలంతా గుంటలు గుంటలుగా, అక్కడక్కడ పచ్చటి చిలుముతో, పుచ్చిపోయిన పన్నులాగ ఉంది. "ఇందులో ఇంక తినేది ఏదీ వెయ్యకండి. పైన మాత్రం చింతపండుతో తోమి పెట్టుకోండి, అడుగున ఏదో రాసుంది" అని ఇచ్చేశాడు. డబ్బు కూడా తీసుకోలేదు.

ఇంటికొచ్చి చింతపండు గుజ్జు, ఉప్పు వేసి అడుగు తోమాను. డెబ్భై, ఎనభై ఏళ్ళ నల్లటి పెచ్చు అంత తొందరగా వస్తుందా? మూడుసార్లు నానబెట్టి తోమితే చుక్కచుక్కగా అక్షరాలు బయటపడ్డాయి. మీకు తెలుసుగా, పెళ్ళికి ఇచ్చే సామాను మీద పేరు కొట్టించేవారు, సన్నటి ఉలితో చుక్కలు చుక్కలుగా. తాతయ్య పేరు ఉంటుందనుకున్నాను. కాదు. మామ్మ పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరం, పక్కన మామ్మ పేరు.

ఆ సింకు దగ్గరే నిలబడి చిన్నత్తకి ఫోను చేశాను. చిన్నత్తకి ఎనభై దాటాయి. నాన్నగారి తరంలో మిగిలింది ఆవిడొక్కతే. విషయం చెప్పగానే "ఇన్నాళ్ళకి అడిగావుటే!" అంది.

జరిగిందేమిటంటే, తాతయ్యకి మొదట పింగాణీ సిరాబుడ్డి ఉండేదట. మా నాన్నగారికి అయిదేళ్ళప్పుడు బల్లమీద గుర్రమెక్కినట్టు ఎక్కి దాన్ని పగలగొట్టారు. అది కూడా ఎప్పుడు? జమాబందీకి ముందురోజు రాత్రి. రెవిన్యూ వాళ్ళకి ఫసలీ అని ఉంటుంది, జులై ఒకటి నుంచి జూన్ ముప్ఫై వరకు వాళ్ళ సంవత్సరం. ఆ ఏడాది లెక్కలన్నీ పైఅధికారుల ముందు పెట్టి సరిచూపించుకోవడమే జమాబందీ. ఒక్క అంకె తేడా వచ్చినా కరణానికి చీవాట్లు, ఒక్కోసారి జరిమానా. తాతయ్యకి ఇంకా సగం లెక్కలు ఎత్తిరాయాల్సి ఉంది, సిరా నేలపాలయింది, రాత్రికి రాత్రి కొనడానికి కొట్టు లేదు. మామ్మ మళ్ళీ సిరా కాచింది. పొయ్యడానికి గిన్నె కావాలి. రాగివి, కంచువి పెద్దవి. వంటింట్లోకి వచ్చి తాతయ్యే చూసి నేతిగిన్నె తీసుకున్నారట. మూత ఉంది, పొందిగ్గా ఉంది, చేతికి అందేలా ఉంది. అందులో ఉన్న నెయ్యి గోకర్ణంలోకి వంచేసి, గిన్నెని మసిగుడ్డతో తుడిచి, "రేపొచ్చి ఇచ్చేస్తాను" అన్నారు.

జమాబందీ బాగా జరిగింది. తహసీల్దారు లెక్కలు మెచ్చుకున్నాడు. తాతయ్యకి ఆ గిన్నె కలిసొచ్చిందనిపించింది. వారం తర్వాత కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి మూత అతికించి, కన్నం పెట్టించి, కొక్కేలు వేయించి తెచ్చారు.

"మామ్మ ఏమందత్తా?"

"ఏమంటుందే? అది వాళ్ళ అమ్మ ఇచ్చిన గిన్నె. సారెలో అన్నిటికన్నా చిన్నదీ, దానికి ముద్దయిందీ అదే. అప్పగింతలప్పుడు వాళ్ళమ్మ గిన్నెనిండా నెయ్యి పోసి మూతకి పిండి మెత్తి ఇచ్చిందిట. ఏమీ అనలేదు. ఇంకోటి కొంటానని మా నాన్న ఎన్నిసార్లన్నా వద్దంది. 'నాది ఇచ్చెయ్యండి చాలు' అనేది. ఇవ్వడానికేముంది, అప్పటికే కన్నం పెట్టేశారు కదా."

అప్పుడు నాకు హార్లిక్స్ సీసా గుర్తొచ్చింది. పనిమీద వెళ్ళిన నేతిగిన్నె గుర్తొచ్చింది.

నేను తాతయ్యని తిడదామని ఇదంతా రాయడం లేదు. ఆయన ఊళ్ళో ఎవరికైనా ఉత్తరం రాసిపెట్టమంటే అర్ధరాత్రయినా కాదనేవారు కాదు. నాకు అక్షరాభ్యాసం చేసిందీ, గుండ్రంగా రాయడం నేర్పిందీ ఆయనే. మనవరాలు చదువుకోవాలని నాన్నగారితో పోట్లాడింది ఆయనే. ఆయన దగ్గర నేర్చుకున్న అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. కానీ ఆ మనిషే, పెళ్ళాం గిన్నె అడిగి తీసుకోవాలని కూడా అనుకోలేదు. రెండూ ఒక్కరే. నాకు ఈ రెండింటినీ ఒకచోట పెట్టుకోవడం ఇప్పటికీ చేతకావడం లేదు.

చిన్నత్త అక్కడితో ఆపలేదు. ఆవిడ మాటల్లో పడితే ఆపడం కష్టం. "ఇంకోటి చెప్తాను విను, మీ నాన్నకి కూడా తెలీదు" అని మొదలెట్టింది.

మామ్మకి చదవడం వచ్చు, రాయడం రాదు. ఈ తరం పిల్లలకి చెప్తే నమ్మరు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఆడపిల్లలకి చదవడం వరకే నేర్పించేవారు, భాగవతమో రామాయణమో చదువుకుంటుందని. రాయడం ఎందుకు, ఎవరికి రాస్తుంది? మామ్మ పుస్తకం గడగడా చదివేది. సంతకం మాత్రం వేలిముద్ర.

మామ్మకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద అరెకరం పల్లపు భూమి ఇచ్చారు. పెద్దత్త పెళ్ళికి డబ్బు చాలక దాన్ని అమ్మారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది, అంటే 1953. చిన్నత్తకి అప్పటికి తొమ్మిదేళ్ళు. దస్తావేజు తాతయ్యే రాశారు. సాక్షులు వీధరుగు మీద కూర్చున్నారు. మామ్మ తలుపు వెనకాల నిలబడింది. తాతయ్య కాగితం లోపలికి తెచ్చి, మామ్మ ఎడమచేతి బొటనవేలికి సిరా పుయ్యబోతే, "ఓసారి ఇలా ఇవ్వండి, చదువుతాను" అందిట.

"నేను రాశానుగా" అన్నారుట తాతయ్య.

"మీరు రాశారు. నేను చదవలేదు."

అక్కడే నిలబడి మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది. చెక్కుబందీ దగ్గరికి వచ్చేసరికి, అదే, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు, ఆగిపోయింది. పడమట పంటబోదె అని రాసి ఉంది. "బోదె ఉత్తరాన ఉంది. పడమట మా బాబాయి చేను" అంది. ఊరి భూములన్నీ కంఠతా వచ్చిన కరణం, ఆ చెక్కకి హద్దులు తప్పు రాశారు. అది వేరే ఊరి భూమి అనుకోండి, ఆయన లెక్కల్లోది కాదు. తాతయ్య ఏం మాట్లాడకుండా ఆ తప్పు కొట్టేసి, పైన సరైనది రాసి, పక్కన దిద్దుబాటుకి పొడి సంతకం పెట్టారు. అప్పుడు మామ్మ వేలు ఇచ్చింది. ఆ సిరా ఈ గిన్నెలోదే. గుడ్డపేలిక బయటికి లాగి వేలికి రాశారుట. ఎవరో తలుపు దగ్గరనుంచి ఆవిడ బొటనవేలు పట్టుకుని కాగితం మీద ఒత్తారు. తర్వాత మామ్మ వెళ్ళి దొడ్లో చెయ్యి కడుక్కుని, మజ్జిగ చిలకడానికి కూర్చుంది.

"ఏడ్చిందా అత్తా?"

"ఏమో. నాకు వీపు కనపడింది" అంది చిన్నత్త.

ఫోను పెట్టేశాక చాలాసేపు ఏమీ చెయ్యబుద్ధి కాలేదు. రాత్రి భోజనాలయ్యాక, సంచీలోంచి తమ్ముడిచ్చిన కవరు తీశాను. అప్పటికి పది రోజులుగా అక్కడే ఉంది. ఈ మధ్యలో వాడు రెండుసార్లు ఫోను చేశాడు, "పెట్టావా అక్కా" అని. "పెడతాలేరా" అన్నాను రెండుసార్లూ.

నాలుగు పేజీలు. చదవడం మొదలెట్టాను. మూడో పేజీలో ఇలా ఉంది: నా వివాహ సమయంలో నాకు రావలసిన సొత్తు యావత్తూ ముట్టినది కనుక, నా తమ్ముడిపై గల ప్రేమాభిమానాలతో, పై ఇంటిలో నాకు గల హక్కును ప్రతిఫలం లేకుండా విడుదల చేయుచున్నాను.

ప్రేమాభిమానాల మాట నిజమే. నా కంటే ఎనిమిదేళ్ళు చిన్న, చంకనెత్తుకుని తిప్పాను వాణ్ణి. కానీ ముట్టడం మాట నిజం కాదు. నా పెళ్ళి నాన్నగారికి ఉద్యోగం పోయిన మూడేళ్ళకి అయింది. అప్పు చేసి చేశారు. నాకు ఇచ్చింది రెండు జతల గాజులు, ఒక గొలుసు. తర్వాత ఇస్తానన్నది ఇవ్వలేకపోయారు, నేనూ మావారూ ఎప్పుడూ అడగలేదు. అడక్కపోవడం వేరు, ముట్టిందని రాసివ్వడం వేరు.

మా ఎదురింటి ఆవిడ వకీలు. పొద్దున్నే కాఫీ తాగడానికి వస్తే చూపించాను. ఆవిడ చెప్పినదాన్ని బట్టి, నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు కనక ముగ్గురికీ సమానంగా వస్తుంది. 1956 చట్టం నాటినుంచీ కూతురికి తండ్రి ఆస్తిలో వాటా ఉంది కానీ, కుటుంబం కాపురం ఉంటున్న ఇంటి విషయంలో మాత్రం మగవాళ్ళు పంచుకుంటామని అంటే తప్ప ఆడపిల్లలు పంచమని అడగడానికి లేకుండా ఒక సెక్షను ఉండేదిట. 2005లో దాన్ని తీసేశారు. మామ్మకి, అమ్మకి లేని వీలు నాకుందన్నమాట. ఆవిడ వెళ్ళాక మావారు "మనకి ఇప్పుడు ఆ డబ్బు అవసరమా? అన్నదమ్ముల దగ్గర..." అని నసిగారు. అవసరం లేదండీ, అబద్ధం రాసివ్వడం కూడా అవసరం లేదు అన్నాను. మావారు పేపరు తీశారు.

తమ్ముడికి ఫోను చేశాను. చదివాను, ముట్టింది అన్న వాక్యానికి నేను సంతకం పెట్టను అన్నాను. "అది ఫార్మాట్ అక్కా! అందరూ అలాగే రాస్తారు" అన్నాడు. అందరూ రాస్తే రాయనీ అన్నాను. "అయితే నీకేం కావాలి?" అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. వాడికి కూతురి చదువు అప్పు ఉంది, నాకు తెలుసు. అయినా చెప్పాను. ఇల్లు ముగ్గురం కలిసి అమ్ముదాం, ముగ్గురం సంతకాలు పెడదాం, వచ్చింది మూడు వాటాలు చేద్దాం. నా వాటాలోంచి నీ కూతురికి ఎంత కావాలంటే అంత ఇస్తాను, అది నేను ఇచ్చినట్టు ఇస్తాను. ముట్టినట్టు రాసి కాదు. చెల్లెలికీ ఇదే చెప్పాను. అది "నువ్వెలా అంటే అలాగే అక్కా" అంది. అది చిన్నప్పటినుంచీ అంతే.

వాడు ఫోను పెట్టేశాడు. పద్దెనిమిది రోజులు మాట్లాడలేదు. నేను లెక్కపెట్టాను. మా మరదలు మధ్యలో ఒకసారి పిల్ల పుట్టినరోజు ఫోటో పంపింది, కింద ఏమీ రాయకుండా. నేను ఆ రోజుల్లో సరిగ్గా నిద్రపోలేదు. అనవసరంగా చేశానా అని రోజుకి పదిసార్లు అనుకున్నాను. తోమిన ఆ గిన్నె టీవీ పక్కనుంచి తీసి వంటింట్లో పోపులపెట్టె పక్కన పెట్టాను. ఎందుకో అక్కడే నప్పింది.

పంతొమ్మిదో రోజు పొద్దున్న తమ్ముడు ఫోను చేశాడు. కుశలప్రశ్నలేం లేవు. "కొనేవాడు వచ్చే నెల రిజిస్ట్రేషను అంటున్నాడు. నువ్వు చెప్పినట్టే ముగ్గురి పేర్లమీదా రాయిస్తున్నాను. చెల్లి పవరాఫ్ అటార్నీ పంపుతానంది. డ్రాఫ్టు వాట్సాప్‌లో పెడతా, చదువుకో" అన్నాడు. సరేరా అన్నాను. గొంతు వణకకుండా అనడానికి కష్టమయింది.

కాసేపాగి, "చిన్నత్త అంతా చెప్పింది. అక్కా, ఆ సిరాబుడ్డి నాకిచ్చెయ్యవే" అన్నాడు.

"సిరాబుడ్డి కాదురా, నేతిగిన్నె" అన్నాను.

"సరే, నేతిగిన్నె. ఇస్తావా?"

ఇవ్వనన్నాను.